ఏం పని మీద వచ్చారండీ?

ఆదివారం సాయంత్రం కాలక్షేపానికి మునిసిపాలిటీ వెబ్‌సైటు తెరిచి చదువుకునే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేనైతే చూళ్లేదు. సినిమా కబుర్లకో, క్రికెట్ స్కోరుకో, బంగారం ధరకో ఫోను తీస్తాం. పురపాలక సంఘం వారి సైటు గడప మాత్రం ఏదో ఒక పని తరుముకొస్తేనే తొక్కుతాం. ఇంటి పన్ను కట్టాలి. పిల్లాడి బర్త్ సర్టిఫికెట్ కావాలి. కుళాయి కనెక్షన్ పేరు మార్పించుకోవాలి. వీధి చివర లైటు వెలగడం లేదు. పని అయిందా, మూసేస్తాం. మళ్లీ ఏడాది దాకా దాని మొహం చూడం.

ఇదేమన్నా పెద్ద రహస్యమా అంటారేమో. కాదు. కానీ సైట్లు కట్టేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఒకసారి మీ ఊరి సైటు తెరిచి చూడండి. ఫలానా ఊరని నేను చెప్పను, మనకెందుకొచ్చిన గొడవ. పైన వరసగా నాయకుల ఫోటోలు. వాటి కింద కుడి నుంచి ఎడమకి పరిగెత్తే అక్షరాలు. చదివేలోపే వెళ్లిపోతాయి, మళ్లీ వచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి. ఆ తర్వాత ఊరి చరిత్ర, ఎప్పుడో మొక్కలు నాటినప్పటి ఫోటోలు, గడువు దాటిపోయిన టెండర్లు, అట్టడుగున సందర్శకుల సంఖ్య. ఈ సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చక్కగా కనబడుతుందని చెప్పే చిన్న అక్షరాల సలహా కూడా నిన్నమొన్నటి దాకా చాలాచోట్ల ఉండేది. ఆ ఎక్స్‌ప్లోరర్‌కి మైక్రోసాఫ్ట్ వాళ్లే 2022 జూన్‌లో మంగళం పాడేశారు. ఇన్నీ ఉన్నాయి గానీ, పన్ను కట్టే చోటేదో వెతుక్కోవాలి. ఆకలితో పెళ్లింటికి వెళ్తే, భోజనాలు ఎటువైపో చెప్పకుండా పెళ్లికొడుకు ముత్తాతల ఫోటోలు చూపించినట్టుంటుంది.

ఢిల్లీ సంగతులు రోజూ మాట్లాడుకుంటాం గానీ, నిజంగా మన గుమ్మం దాకా వచ్చే ప్రభుత్వం ఈ మునిసిపాలిటీయేనండీ. 1993 జూన్ 1న అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ పాలక సంస్థలకి అప్పగించదగిన పనులంటూ పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలు రాసింది. మంచినీళ్లు, రోడ్లు, వీధి దీపాలు, జనన మరణాల నమోదు, శ్మశానాలు, ఆఖరికి బందెలదొడ్డి కూడా అందులో ఉంది. మనం పుట్టామని రాసేదీ వాళ్లే, పోయామని రాసేదీ వాళ్లే. మధ్యలో ఉన్న కాలమంతా చెత్త ఎత్తించేదీ వాళ్లే. ఇంత దగ్గరి సంబంధం ఉన్నవాళ్లు మనల్ని పలకరించే తీరు మాత్రం ఇలా తగలడింది.

ఎందుకిలా? నాకు తోచింది చెప్తాను. సైటుని ఆఫీసు గదుల లెక్కన కట్టారు. రెవెన్యూ సెక్షన్, ఇంజనీరింగ్ సెక్షన్, ప్రజారోగ్యం, టౌన్ ప్లానింగ్, అకౌంట్స్. ఎవరి గదికి వాళ్ల పేజీ. లోపల పనిచేసేవాళ్లకి అది బాగానే ఉంటుంది. బయటినుంచి వచ్చినవాడికి ఆ గదుల గుట్టు ఏం తెలుసు?

మీ ఇంటి ముందు మురుగు కాలవనే తీసుకోండి. అందులో పూడిక పేరుకుపోతే తీయించాల్సింది ప్రజారోగ్యం వాళ్లు. కాలవ మీద పలక విరిగితే వేయించాల్సింది ఇంజనీరింగు వాళ్లు. పక్కింటాయన కాలవ మీదకి మెట్లు కట్టేసుకుంటే చూడాల్సింది టౌన్ ప్లానింగు వాళ్లు. మనకి కనపడేది ఒకటే కాలవ, ఒకటే కంపు. ఫిర్యాదు పెట్టబోతే సైటు ముందు అడిగేది "విభాగము ఎంచుకొనుము". అది తెలిస్తే మనం మునిసిపల్ ఆఫీసులోనే ఉద్యోగం చేసేవాళ్లం కదా! తప్పు విభాగం ఎంచుకున్నామా, నాలుగు రోజుల తర్వాత ఫోనుకి మెసేజీ వస్తుంది: "ఇది మా పరిధిలోనిది కాదు. ఫిర్యాదు పరిష్కరించబడినది." పరిష్కారమైంది ఫిర్యాదండీ, కాలవ కాదు.

అదే మీసేవ సెంటర్లో కుర్రాడి దగ్గరికెళ్లండి. తలెత్తి మొదట అడిగే మాట, "ఏం పని మీద వచ్చారండీ?" మనం చెప్తాం. రెండో మాట, "ఆధార్ తెచ్చారా? పాత రసీదుందా?" మూడోది, "ఇంతవుతుంది." నాలుగోది, "ఫలానా రోజు రండి." నాలుగు మాటల్లో పని నడిచిపోతుంది. ఆ కుర్రాడు ఏ డిజైను కాలేజీలోనూ చదవలేదు. రోజంతా మనుషుల మొహాలు చూస్తూ నేర్చుకున్నాడు. ఊరి సైటు చెయ్యాల్సిందల్లా ఆ నాలుగు మాటలూ అదే వరసలో పలకడం. నేను ఈ పూట చెప్పదలుచుకున్నది అంతే. మిగతాదంతా దాని చుట్టూ తిరిగే కబుర్లే.

మన దగ్గర ఈ కథ పాతదే. 2001లో జంట నగరాల్లో ఈ-సేవ మొదలైనప్పుడు కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఆస్తి పన్ను ఒకే కౌంటర్లో కట్టేయొచ్చంటే జనం నమ్మలేకపోయారు. 2011లో మీసేవ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరిలో అక్కడే 161 సేవలతో 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ పాలన మొదలైంది. వీటన్నిటిలో నాకు కనబడే పోలిక ఒకటుంది. జనం ఎగబడింది తమని ముందుగా ఏం కావాలని అడిగిన చోటుకే. కౌంటరు వెనక మనిషి అడిగినా సరే, వాట్సాప్ మెసేజీ అడిగినా సరే. వెబ్‌సైటు మాత్రం ఆ ప్రశ్న అడగకుండా తన గొప్పలు చెప్పుకుంటూ కూర్చుంది.

సరే, ఇక మా పక్కింటి పిన్నిగారి ముచ్చట చెప్తా వినండి. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు, అమెరికాలో మనవడితో వీడియో కాలు అన్నీ ఫోన్లో ఆవిడే చేసుకుంటారు. ఇంటి పన్ను దగ్గరికొచ్చేసరికి మాత్రం, "బాబూ, ఒక్కసారి వచ్చి పక్కన కూచో. ఇది నన్ను మనిషిని కాదంటోంది" అన్నారు.

చూస్తే, అసెస్‌మెంట్ నంబరు అడుగుతోంది.

"అదేమిటి బాబూ, మా ఇంటి నంబరు కాదా?"

"కాదు పిన్నిగారూ, పన్ను లెక్కల్లో మీ ఇంటికిచ్చిన నంబరు. పాత రసీదు మీద ఉంటుంది."

బీరువాలోంచి రసీదు వచ్చింది. దాని మీద ఒకటి కాదు, పాత అసెస్‌మెంట్ నంబరు, కొత్త అసెస్‌మెంట్ నంబరు, రసీదు నంబరు అన్నీ ఉన్నాయి. ప్రింటు వెలిసిపోయి, ఆఖరి అంకె మూడో ఎనిమిదో పోల్చుకోవడం కష్టంగా ఉంది. మూడు కొట్టారు. రికార్డు లేదంది. ఎనిమిది కొట్టారు. ఈలోగా క్యాప్చా మారిపోయింది. వంకర్లు తిరిగిన కొత్త అక్షరాలు. "ఇది ఒకటి అంకెనా, ఇంగ్లీషు ఐయా, ఎల్లా?" అని కళ్లజోడు పైకెత్తి చూశారు. అది తేల్చుకునేలోపు, మీ సమయం ముగిసిందంటూ సైటు మళ్లీ మొదటి పేజీకి తోసేసింది.

పోనీ పేరుతో వెతుకుదామన్నాను. ఇల్లు ఇంకా బాబాయిగారి పేరు మీదే ఉంది. ఆయన పేరు ఇంగ్లీషులో ఎలా రాశారో ఎవరికి తెలుసు? పిన్నిగారు బడి రికార్డులో ఉన్నట్టు రాశారు. నేను పెన్షన్ కాగితాల్లో ఉన్నట్టు రాశాను. రెండూ లేవంది. చివరికి ఇంటి నంబరు మీద పడ్డాం. గుమ్మం పక్కన పాత నంబరు రంగుతో రాసి ఉంది, కొత్త నంబరు రేకు మీద ఉంది. మధ్యలో అడ్డగీతలు, ఆఖర్న ఏటవాలు గీత, దాని పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం. ఉన్నదున్నట్టు కొడితే దొరకలేదు. అక్షరానికి ముందున్న ఖాళీ తీసేసి కొడితే దొరికింది. కనపడని ఖాళీ ఒకటి మా ఇద్దరి మధ్యాహ్నాన్నీ మింగేసింది.

పిన్నిగారు కుర్చీలో వెనక్కి వాలి, "ప్రశ్నపత్రంలో ప్రశ్న తప్పుంటే పిల్లలకి మార్కులు కలిపేవాళ్లం బాబూ. వీళ్లు మనకేం కలుపుతారు?" అన్నారు.

"వడ్డీ కలుపుతారు పిన్నిగారూ" అన్నాను. నిజమే కదా మరి, గడువు దాటితే నెలకి 2 శాతం.

నవ్వుకోవడం అయ్యాక, ఇందులో ఏది ఎంత సులువుగా బాగుపడుతుందో చూద్దాం రండి. ఒకటైనా రాకెట్ శాస్త్రం లేదు.

ముందు మన పేర్ల సంగతి. తెలుగు పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి ఒకటంటూ లేదు. లక్ష్మికి చివర ఒక ఐ పెట్టేవాళ్లున్నారు, రెండు ఈలు పెట్టేవాళ్లున్నారు. వెంకటేశ్వర్లు గారైతే ఎస్ పక్కన హెచ్ ఉందా లేదా, డబ్ల్యూనా వీనా అని ఆయన ఆధార్‌కీ, బ్యాంకు పాస్‌బుక్కుకీ, ఓటరు కార్డుకీ మూడు రకాలుగా ఉంటారు. ఇంటిపేరు కొన్నిచోట్ల ముందు, కొన్నిచోట్ల వెనక, కొన్నిచోట్ల ఒక్క పొడి అక్షరం. అలాంటప్పుడు అచ్చంగా అదే స్పెల్లింగు కొట్టాలనడం న్యాయం కాదు. పలికే తీరుని బట్టి దగ్గరి పేర్లు పట్టుకునే పద్ధతులు కంప్యూటర్లకి ఎప్పటినుంచో తెలుసు. లేదా హాయిగా తెలుగులోనే వెతకనివ్వొచ్చు. తెలుగులో వెంకటేశ్వర్లుకి ఇన్ని వేషాలుండవు.

ఇంటి నంబరు ఇంకా తేలిక. మనం అడ్డగీత పెట్టినా, ఏటవాలు గీత పెట్టినా, మధ్యలో ఖాళీ వదిలినా, వాటన్నిటినీ పక్కన పెట్టి అంకెలూ అక్షరాలూ మాత్రం పోల్చమంటే యంత్రం పోలుస్తుంది. ఒక ప్రోగ్రామరుకి అది మధ్యాహ్నం భోజనానికి ముందు అయిపోయే పని. అచ్చంగా దొరక్కపోతే "రికార్డు లేదు" అని మొహం మీద తలుపు వెయ్యకుండా, "మీరిచ్చినదానికి దగ్గరగా ఇవి ఉన్నాయి, ఇందులో మీదేదన్నా ఉందా?" అని అడగొచ్చు. ఇతరుల పేర్లు బయటపడతాయన్న భయముంటే సగం అక్షరాలు చుక్కలతో కప్పి చూపించొచ్చు. నంబరు అడిగే గడి పక్కనే ఒక రసీదు బొమ్మ పెట్టి, ఆ నంబరు ఉండే చోట చుట్టూ ఎర్రగీత గీస్తే, బీరువా దగ్గరికి వెళ్లిన మనిషి ఏది చూసుకోవాలో తెలుసుకుని వెళ్తాడు.

ఇక క్యాప్చా. మీరు రోబో కాదని రుజువు చేసుకోమంటుంది. రోబో వచ్చి పిన్నిగారి ఇంటి పన్ను కట్టేసి పోతే మునిసిపాలిటీకొచ్చిన నష్టమేమిటండీ? దండేసి దణ్ణం పెట్టాలి గానీ! ఇంజనీర్లు మాత్రం, జాబితాలన్నీ గుండుగుత్తగా లాక్కుపోయేవాళ్లని ఆపడానికి పెట్టామంటారు. అందులోనూ నిజముంది. అయితే ఒకే చోటినుంచి వరసపెట్టి వందల నంబర్లు వెతికేవాడు కనబడినప్పుడు వాడికి అడ్డం పెట్టొచ్చు. తన ఇల్లొక్కటి వెతుక్కునే మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి నిలదీయడం ఎందుకు?

అన్నట్టు, మా మేనకోడలు లండన్ శివార్లలో ఉంటుంది. మొన్న ఫోన్లో పిన్నిగారి కథ చెప్తే, "మామయ్యా, ఇక్కడ పన్ను సంగతి అటుంచు, చెత్త తీసుకెళ్లే రోజు మర్చిపోతే డబ్బా వీధిలో పెట్టడం కుదరదు, మళ్లీ వంతు వచ్చేదాకా ఇంట్లో ఉంచుకోవాలి" అంది. మరెలా గుర్తుంటుందంటే, కౌన్సిల్ సైటు తెరిచి ఇంటి పోస్ట్‌కోడ్ కొడుతుందట. ఆ కోడ్ కిందున్న ఇళ్ల జాబితా వస్తుంది. అందులో తన ఇల్లు వేలితో నొక్కితే, ఏ డబ్బా ఏ తారీఖున బయట పెట్టాలో కనబడుతుంది. అంతే. ఇంటి యజమాని ఎవరు, వార్డు ఏది, సర్కిల్ ఏది, ఇవేవీ అడగదు.

అక్కడేం అన్నీ వడ్డించిన విస్తళ్లు కావులెండి. ఇంగ్లండులో చాలా జిల్లాల్లో రెండంచెల కౌన్సిళ్లుంటాయి. చెత్త ఎత్తడం డిస్ట్రిక్ట్ కౌన్సిల్ వాళ్లది, రోడ్లు కౌంటీ కౌన్సిల్ వాళ్లది. మన మురుగు కాలవ గొడవే కొంచెం పెద్దది. వాళ్లు దానికి చేసిన విరుగుడు నాకు నచ్చింది. 2012 అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వం అప్పటిదాకా ఉన్న డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ అనే రెండు సైట్లకి బదులుగా గవ్.యూకే అనే ఒకే సైటు పెట్టింది. అందులో పోస్ట్‌కోడ్ కొడితే, నీ పని ఏ కౌన్సిల్‌దో అదే తేల్చి అక్కడికి పంపిస్తుంది. ఏ గదిలో ఏ పని జరుగుతుందో తెలుసుకునే భారం ఇంటివాడి నెత్తిమీద లేదు. ఆ సైటు తయారుచేసినవాళ్లు తమ కోసం రాసుకున్న నియమాల్లో మొట్టమొదటిది, వాడేవాళ్ల అవసరంతో పని మొదలుపెట్టాలని. ప్రభుత్వం అవసరంతో కాదు.

ఇంకో తమాషా కూడా ఉంది. బ్రైటన్ అండ్ హోవ్, క్రాయ్‌డన్ అనే రెండు కౌన్సిళ్లు, ఎవరి సైటు వాళ్లు వేరే వేరేగా రాయించుకోవడం దండగని, ఒకరి కోడ్ ఒకరు పంచుకున్నాయి. అదే పెరిగి లోకల్‌గవ్ డ్రూపల్ అనే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ అయింది. ఇప్పుడు పదుల కౌన్సిళ్లు దాన్ని వాడుకుంటున్నాయి. ఒక ఊళ్లో ఒక పేజీ బాగుపడితే ఆ బాగు తక్కిన ఊళ్లూ తీసుకోవచ్చు.

ఇది విని మనం కుళ్లుకోనక్కర్లేదు. మన దగ్గరా అలాంటి పునాది ఉంది. నందన్ నీలేకని, శ్రీకాంత్ నాదముని కలిసి 2003లో బెంగళూరులో పెట్టిన ఈ-గవర్నమెంట్స్ ఫౌండేషన్ పట్టణాల కోసం అందరూ వాడుకోగల సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని తెచ్చి 110 పట్టణ సంస్థల్లో పెట్టింది. అంటే పన్ను వెతికే పేజీ ఒక్కచోట సరిచేస్తే రాష్ట్రంలో అన్ని ఊళ్ల పిన్నిగార్లకీ ఒకేసారి సుఖం. ఒక్కచోట చెడగొడితే అందరికీ ఒకేసారి తలనొప్పి, అదీ నిజమే.

తెలుగు సంగతి కూడా ఓ ముక్క మాట్లాడుకుందాం. మన అక్షరాలకి యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. అయినా ఆఫీసుల్లో చాలాకాలం రకరకాల సొంత ఫాంట్లతో టైపు కొట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదంతా పిచ్చి గీతల్లా కనబడేది. అందుకని కాగితం ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి, స్కానింగు చేసి, పీడీఎఫ్ అంటూ సైటులో పెట్టడం అలవాటైంది. ఆ అలవాటు ఇంకా పోలేదు. అలా పెట్టింది అక్షరం కాదు, అక్షరం ఫోటో. అందులో మాట వెతకలేం. ఫోన్లో పెద్దది చేస్తే అలుక్కుపోతుంది. చూపు లేనివాళ్లకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాని ముందు మూగబోతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ఇది మర్యాద విషయం మాత్రమే కాదు, చట్టం విషయం. కేంద్ర ప్రభుత్వం సర్కారీ సైట్లకి 2009లోనే మార్గదర్శకాలు రాసింది, 2023లో వాటి మూడో వెర్షన్ తెచ్చింది. పేజీ ఎప్పుడు మార్చారో తేదీ వేయమనడం దగ్గర్నుంచి అందులో అన్నీ ఉన్నాయి. లేనిదల్లా, మన ఊళ్లో వాటిని ఎవరైనా తెరిచి చదివారా అని అడిగే మనిషి.

ఇక రాసే తీరు. "దరఖాస్తుదారులు సంబంధిత ధ్రువపత్రములను జతపరచి, నిర్ణీత రుసుము చెల్లించిన పిదప, సదరు దరఖాస్తు పరిశీలించబడును." ఇది చదివి ఎవరికైనా ఏం చెయ్యాలో తెలిసిందా? ఏ పత్రాలు? ఎంత రుసుము? ఎన్నాళ్లు పరిశీలిస్తారు? అదే మీసేవ కుర్రాడి గొంతుతో రాసి చూడండి. "ఈ మూడు కాగితాలు ఫోటో తీసి పెట్టుకోండి. ఇంత కట్టాలి. ఇన్ని రోజుల్లో వస్తుంది. రాకపోతే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి." గౌరవమేమీ తగ్గలేదు, పైగా పని తెలిసింది.

దీనికో ఉదాహరణ బర్త్ సర్టిఫికెట్. పుట్టిన 21 రోజుల్లోపు చెప్తే రుసుము లేకుండా నమోదు చేస్తారు. పేరు పెట్టకపోయినా ఫరవాలేదు. పేరు తర్వాత చేర్చుకోవచ్చు, 12 నెలల్లోపు అయితే దానికీ రుసుము లేదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకైతే బళ్లో చేర్చడానికీ, ఓటరు జాబితాకీ, పాస్‌పోర్టుకీ పుట్టిన తేదీ రుజువుగా ఈ కాగితమే కీలకం. పసిబిడ్డని ఒళ్లో పెట్టుకున్న తల్లికి కావలసినవి ఈ మూడు ముక్కలే. సైటులో ఇవి పైన, పెద్ద అక్షరాల్లో ఉండాలి. చట్టం పుట్టుపూర్వోత్తరాలు కావాలనుకునేవాళ్లు కిందికి దిగి చదువుకుంటారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. తిరకాసంతా సైటులోనే ఉండదు. నియమమే పదహారు మెలికలు తిరిగి ఉంటే, సైటు ఎంత చక్కగా ఉన్నా ఆ మెలికలనే చక్కగా చూపిస్తుంది. తెలంగాణలో 2020లో టీఎస్-బీపాస్ తెచ్చినప్పుడు ముందు నియమాన్నే తేలిక చేశారు. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవాళ్లకి అనుమతే అక్కర్లేదన్నారు. ఆన్‌లైన్లో నమోదు చేసుకుంటే చాలు, రుసుము ఒక్క రూపాయి. అంతకంటే పెద్ద ఇళ్లలోనూ 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు లోపు, యజమాని తానే ధ్రువీకరించి ఇస్తే వెంటనే అనుమతి. అడిగే కాగితాలు తగ్గితే నింపే గడులు తగ్గుతాయి. మీ సైటులో నలభై గడుల దరఖాస్తు కనబడితే డిజైనరుని తిట్టకండి. ఆ నలభైలో ఎన్ని నిజంగా అక్కర్లేదో తేల్చాల్సింది కమిషనరు గారు. ఆధార్ నంబరు ఇచ్చాక మళ్లీ పుట్టిన తేదీ, తండ్రి పేరు, చిరునామా ఎందుకండీ? పోయినేడాది ఇదే ఇంటికి పన్ను కట్టించుకున్నవాళ్లకి ఈ ఏడాది ఆ ఇల్లెవరిదో మనం మళ్లీ చెప్పాలా?

మరి ఏది అక్కర్లేదో, ఎక్కడ జనం తడబడుతున్నారో తెలిసేదెలా? పెద్ద సర్వేలు అక్కర్లేదు. వెబ్‌సైట్లు వాడే తీరు మీద జీవితమంతా పనిచేసిన జేకబ్ నీల్సన్ 2000లోనే ఒక మాట రాశారు: ఐదుగురిని కూర్చోబెట్టి చూడండి, ఉన్న లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని. ఆ ఐదుగురితో దిద్దిన తర్వాత మరో ఐదుగురు. షరతు ఒక్కటే. వాళ్లు తడబడుతుంటే చూసేవాళ్లు నోరు విప్పకూడదు. "అక్కడ కాదండీ, పైన నొక్కండి" అన్నారా, పరీక్ష పాడైపోయినట్టే. పిన్నిగారి పక్కన మీ కమిషనరు గారో, ఆ సాఫ్ట్‌వేరు కుర్రాళ్లో మౌనంగా ఒక్క మధ్యాహ్నం కూర్చుని ఉంటే, ఆ కనపడని ఖాళీ గుట్టు ఎప్పుడో తేలిపోయేది.

మనమూ ఊరికే గొణుక్కుంటూ కూచుంటే కాదు. "సైటు బాగాలేదు" అని రాస్తే ఎవరికీ పట్టదు. "ఫలానా పేజీలో, ఇంటి నంబరులో ఖాళీ ఉంటే రికార్డు దొరకడం లేదు" అని స్క్రీన్ ఫోటోతో రాయండి. దాన్ని దిద్దకుండా తప్పించుకోవడం కష్టం. సమాచార హక్కు చట్టం 2005లో నాలుగో సెక్షన్ చూడండి. మనం అడక్కుండానే ఆఫీసులు తమంతట తాము బయటపెట్టాల్సిన 17 రకాల వివరాలు అక్కడున్నాయి. ఏ పనికి ఏ పద్ధతి, ఎవరు ఏ అధికారి, అన్నీ. స్థానిక భాషని దృష్టిలో పెట్టుకుని చెప్పాలని కూడా అదే సెక్షన్ అంటుంది. కాబట్టి తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో పెట్టమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఇంకో చిన్న ఉపాయం చెప్పి ముగిస్తాను. రెండు రాష్ట్రాల్లోనూ సోమవారం అర్జీల రోజు. తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటారు. అర్జీ పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లలో, సైటులోనే అయిపోవలసిన పని మీద వచ్చినవాళ్లు కొందరుంటారు. వాళ్లలో ఐదుగురిని లోపలికి పిలిచి, "ఇదే పని మీ ఫోన్లో ఒకసారి చేసి చూపించండమ్మా" అని అడిగి, కమిషనరు గారు పక్కన కూర్చుని చూస్తే చాలు. టెండరు పిలవక్కర్లేదు, కన్సల్టెంటుని పెట్టక్కర్లేదు. కావలసింది ఒక అదనపు కుర్చీ. ఆఫీసులో ఖాళీ కుర్చీలకి ఎప్పుడూ కొదవలేదు లెండి.